తానీషా ఓడకు చక్రం బిగిస్తే...?

హీరో ఓడ పైతట్టు మీద నిలబడి వుంటాడు. గాలికి జుట్టు ఎగురుతూ వుంటుంది. రెండు చేతులతో పెద్ద కొయ్యచక్రం పట్టుకుని గిర్రున తిప్పుతాడు. ఓడ ఒక పక్కకి ఒరుగుతుంది... హాల్లో ఈలలు!

తెరచాపల ఓడ అనగానే మనకి ముందు గుర్తొచ్చే దృశ్యం యిదే. హాలీవుడ్ వాళ్లు మనకి మప్పిన అలవాటు. బాగానే వుంది. కాని కథ ఏ సంవత్సరంలో జరుగుతోందండీ? 1757 అయితే పేచీ లేదు, చక్రం వుండొచ్చు. అదే 1675 అయితే ఆ చక్రం పచ్చి అబద్ధం! యూరపు ఓడల్లోనే చుక్కానికి చక్రం బిగించడం 1700 దాటాక గాని మొదలవలేదు. అంతకు ముందు చుక్కాని పిడికి ఒక నిలువు కర్ర తగిలించి, దాన్ని అటూ యిటూ తోసేవాళ్లు. ఆ కర్ర పట్టుకున్నవాడు వుండేది పైతట్టు కింద. వాడికి సముద్రమే సరిగ్గా కనబడదు. పైనుంచి ఒకడు కేకేస్తే, ఆ కేకని బట్టి ఓడ నడపాలి. మన హీరోని తీసికెళ్లి కింద చీకట్లో నిలబెడతానంటే ఏ నిర్మాత ఒప్పుకుంటాడు చెప్పండి!

సినిమా సెట్టు సంగతి అలా వుంచితే, చిన్న చిన్న కొయ్య ఓడలు చేసే అభిరుచి వాళ్లు ప్రపంచమంతటా వున్నారు. తెరచాపల కాలం నాటి యుద్ధనౌకని మూరెడు పొడవుకో గజం పొడవుకో కుదించి, మేకు మేకునీ, తాడు తాడునీ లెక్కపెట్టి కట్టడం వాళ్ల పిచ్చి. ఒక్కో ఓడకి ఏళ్లకి ఏళ్లు పడుతుంది. వాళ్ల దగ్గర "కథాసౌలభ్యం కోసం" అనే సాకు చెల్లదు. చక్రం తప్పయితే ఓడ తప్పే!

ఈ పిచ్చికీ మన ఖమ్మానికీ ఏం సంబంధం అంటారేమో. చాలా వుంది.

అడవిలో పుట్టిన ఓడలు

ఖమ్మంలో సముద్రం ఎక్కడిదని నవ్వకండి. సముద్రం లేకపోతే మానె, ఓడ వుంది. అడవిలో, చెట్టు రూపంలో! భద్రాచలం, రేకపల్లి, కూనవరం, చింతూరు... ఆ అడవుల కలప శబరి మీదా, గోదారి మీదా తేలుతూ పాపికొండల మధ్యనుంచి దిగి రాజమండ్రి చేరేది. అక్కడినుంచి గౌతమి పాయ పట్టుకుంటే కోరంగి. వశిష్ఠ పాయ పట్టుకుంటే నరసాపురం. రెండూ ఓడలు కట్టిన ఊళ్లే. (భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. కూనవరం, చింతూరు 2014లో ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లాయి. కాగితాల మీద గీతలు ఎన్ని మారినా నది దారి అదే గదా.)

కలప తేలుతూ రావడం అంటే దుంగని నీళ్లలోకి తోస్తే చాలనుకోకండి. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది. అందుకని టేకు అడవుల్లో చెట్టు మొదట్లో చుట్టూతా లోతుగా గాటు పెట్టి, నిలబడే ఎండిపోనిచ్చి, తరవాత కొట్టే పద్ధతి ఒకటి వుండేది. నల్లమద్ది లాంటి బరువు కర్రయితే వెదురుబొంగుల కట్టలు ఆసరాగా కట్టి తెప్పలా వదలాలి. 'అందాలరాముడు'లో (1973) బాపుగారు మనల్ని రాజమండ్రి నుంచి భద్రాచలానికి ఎదురు ప్రవాహంలో తీసికెళ్లారు. ఓడ కథ మాత్రం ప్రవాహం వెంటే కిందికి నడిచింది.

రామదాసు నాటి సముద్రం

నేలకొండపల్లిలో పుట్టిన గోపన్న కథ తెలియని తెలుగువాడు లేడు. పాల్వంచ తహసీల్దారీ, భద్రాద్రి గుడి, సర్కారు పైకం, గోల్కొండ చెర. చిత్తూరు నాగయ్యగారు 1964లో 'భక్త రామదాసు' తీశారు. 2006లో రాఘవేంద్రరావుగారు నాగార్జునతో 'శ్రీరామదాసు' తీశారు. దర్బారు చూశాం, ఖైదు చూశాం, రామలక్ష్మణులు వచ్చి బాకీ తీర్చడం చూసి కళ్లు తుడుచుకున్నాం. కాని ఆ తానీషాకి — అబుల్ హసన్ కుతుబ్ షాకి — సముద్రం మీద ఓడలుండేవన్న సంగతి ఎంతమందికి తెలుసు?

తానీషా ఏలింది 1672 నుంచి 1687 దాకా. సరిగ్గా ఆ రోజుల్లోనే థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు బంగాళాఖాతం చుట్టూ తిరుగుతున్నాడు. 1669 నుంచి 1679 వరకూ తను చూసిందంతా రాసిపెట్టాడు. బొమ్మలు కూడా గీశాడు. నరసాపురం పక్కనే వున్న మాధవాయపాలెం — ఇంగ్లీషువాళ్ల నోట్లో 'మదపోలం' — గురించి అతను రాసింది చదివితే మనకి ఒళ్లు పొంగుతుంది. అక్కడ మంచి కలప, మంచి ఇనుము దొరుకుతాయిట. మేకులు, సీలలు, లంగర్లు అన్నీ అక్కడే చేస్తారట. ఓడ కట్టే మేస్త్రీలు మహా నేర్పరులట. కట్టిన ఓడని నీళ్లలోకి దింపడంలో వాళ్ల వొడుపు తను లోకంలో ఎక్కడ చూసినదానికీ తీసిపోదట. తాళ్లు పేనడంలోనూ వాళ్లది గొప్ప పనితనమట. ఇది మన సొంత డబ్బా కాదు, పరాయివాడు, అందులోనూ సముద్రం మీద బతికేవాడు ఇచ్చిన సర్టిఫికెట్టు!

బౌరీ కంటే చాలా ముందే, 1614లో 'గ్లోబ్' అనే ఇంగ్లీషు కంపెనీ ఓడ నరసాపురంలో మరమ్మతు చేయించుకుని వెళ్లింది. అంటే అప్పటికే అది పేరున్న షెడ్డన్నమాట.

ఇక అసలు విశేషం. గోల్కొండ నవాబు ఓడలు ఏటా అరకానుకీ, తెనసేరింకీ, సింహళానికీ పోయేవి. దేనికనుకున్నారు? ఏనుగుల కోసం! ఒక్కో ఓడలో 14 మొదలు 26 దాకా ఏనుగుల్ని ఎక్కించుకొచ్చేవారని బౌరీ రాశాడు. తానీషా దర్బారు సెట్టు ముందు గుమ్మం దగ్గర ఏనుగుని నిలబెడతాం గదా... ఆ ఏనుగు బంగాళాఖాతం దాటి వచ్చినదై వుండొచ్చు. అదీ, గోదారి టేకుతో కట్టిన ఓడలో!

ఇప్పుడు ఒక మోడల్ కట్టేవాడు ఈ ఓడ కడదామని కూచున్నాడనుకోండి. కష్టాలు మొదలు.

కాగితం వున్న ఓడ, కాగితం లేని ఓడ

ముందు సులువైన కేసు చూద్దాం. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్నం రేవులో పెద్ద యుద్ధమే జరిగింది. 'సెంచూరియన్' అనే ఇంగ్లీషు యుద్ధనౌక, 50 తోపులది, రెండు వర్తకపు ఓడలకి కాపలాగా అక్కడ లంగరు వేసుకుని వుంది. దాని మీదికి ఫ్రెంచి నౌకాధిపతి లినోయి 74 తోపుల 'మారెంగో'నీ, రెండు ఫ్రిగేట్లనీ వెంటబెట్టుకుని వచ్చిపడ్డాడు. సెంచూరియన్ కెప్టెను ఆ సమయానికి ఒడ్డున వున్నాడు, లెఫ్టినెంటు యుద్ధం నడిపించాడు. వర్తకపు ఓడల్లో ఒకటి గట్టుకి కొట్టుకుని పగిలిపోయింది, రెండోది ఫ్రెంచివాళ్ల చేతికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం తెరచాపలు చిరిగి, తాళ్లు తెగి, లోతు తక్కువ నీళ్లలోకి జరిగి నిలబడింది. లినోయి దాన్ని ముంచలేక వెళ్లిపోయాడు. మన విశాఖ బీచిలో సాయంత్రం మరమరాల మిక్చర్ తింటూ కూచునే జనంలో ఎంతమందికి తెలుసో ఈ కథ!

ఈ సెంచూరియన్‌ని మోడల్ కట్టాలంటే ఆధారాలకి లోటు లేదు. ఆ తరగతి ఓడల పొడవు తోపుల అంతస్తు దగ్గర సుమారు 146 అడుగులు. అడుగుకి పావంగుళం లెక్కన, అంటే నలభై ఎనిమిదో వంతుకి కుదిస్తే 36½ అంగుళాలు. బ్రిటిష్ నౌకాదళం తన ఓడల నక్షాలు భద్రంగా దాచుకుంది. లండన్ దగ్గర గ్రీనిచ్‌లోని నౌకా మ్యూజియంలో అవి వున్నాయి. అంతేకాదు, 17వ శతాబ్దంలోనే నౌకాదళం వాళ్లు అసలు ఓడలకి కొలతప్రకారం కొయ్యనమూనాలు చేయించి పెట్టుకున్నారు. కింది సగానికి పలకలు బిగించకుండా, పక్కటెముకలు కనబడేలా వదిలేసిన ఆ నమూనాలు చూస్తే కళ్లు తిరుగుతాయి.

అయినా తప్పులు దొర్లే చోట్లు బోలెడు. జెండా సంగతే తీసుకోండి. ఇప్పటి యూనియన్ జాక్‌లో మూలల నుంచి వచ్చే ఎర్రగీతలున్నాయే, అవి 1801 జనవరి 1న చేరాయి. ఐర్లండుని కలుపుకున్నాక! కాబట్టి 1804 విశాఖ యుద్ధానికి అవి వుండాలి. 1757 బొబ్బిలి యుద్ధం నాటి కథలో ఇంగ్లీషు ఓడ మీద ఆ ఎర్రగీతలు కనిపిస్తే తప్పు. బుస్సీ మనుషుల చేతిలో నీలం తెలుపు ఎరుపు మూడురంగుల జెండా పెడితే యింకా పెద్ద తప్పు. అది ఫ్రెంచి విప్లవం తరవాతది. ఫ్రెంచి ఓడలు అంతకు ముందు ఎగరేసింది తెల్లజెండా. బట్టలషాపులో రెడీమేడ్‌గా దొరికే జెండా కొనుక్కొచ్చి సెట్టులో పాతేస్తే చరిత్ర చిన్నబుచ్చుకుంటుంది.

ఇందులో ఒక తమాషా వుంది. విశాఖ మీదికి వచ్చేటప్పుడు లినోయి ఓడలు మొదట ఇంగ్లీషు జెండాలు ఎగరేసుకుని వచ్చాయి. శత్రువుని దగ్గరికి రానివ్వడానికి ఆ రోజుల్లో అది మామూలు ఎత్తే. తుపాకి పేల్చేముందు అసలు జెండా ఎత్తితే చాలు, మర్యాద దక్కినట్టు! కాబట్టి ఎవరైనా 'మారెంగో' మోడల్ కట్టి దాని మీద ఇంగ్లీషు జెండా పెడితే, తప్పని తొందరపడకండి. "ఇది సెప్టెంబరు 15 పొద్దుటి ఓడ" అంటే మనం నోరు మూసుకోవాలి. ఇంతకీ ఈ వేషాల విద్యలో లినోయి అంతకు ఏడు నెలల ముందే దెబ్బ తిన్నవాడు. 1804 ఫిబ్రవరిలో పులో అవుర దగ్గర ఇంగ్లీషు వర్తకపు ఓడలు కొన్ని యుద్ధనౌకల జెండాలు ఎగరేసుకుని వరసకట్టి నిలబడితే, నిజమని నమ్మి వెనక్కి తిరిగాడు పాపం! మేకప్పు వేసుకున్న ఓడల్ని చూసి యుద్ధనౌకలు పారిపోయిన కథ సినిమాగా ఎవరూ తియ్యకపోవడమే వింత.

ఓడ అడుగు రంగు యింకో చిక్కు. సముద్రపు పురుగు కొయ్యని తొలిచెయ్యకుండా ఇంగ్లీషు నౌకాదళం 1761లో ఒక ఓడకి రాగిరేకు తొడిగి చూసింది. 1779 తరవాత నాలుగేళ్లలోపే దళమంతటికీ తొడిగింది. సెంచూరియన్ 1774లో కట్టిన ఓడ. పుట్టినప్పటి రూపం చేస్తే రాగి వుండకూడదు, విశాఖ యుద్ధం నాటి రూపం చేస్తే వుండాలి. ఒకే ఓడ, రెండు వయసులు! రామారావుగారికి ఇరవై ఏళ్ల పాత్రకీ అరవై ఏళ్ల పాత్రకీ ఒకే విగ్గు పెట్టం కదా.

రంగుల్లో మహామహులే బోల్తాపడ్డారు. స్వీడన్ వాళ్ల 'వాసా' 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకి తేలింది. దాని వెనక భాగపు శిల్పాల నేపథ్యం నీలం అని మొదట అనుకున్నారు. తీరా చెక్కలో మిగిలిన రంగు నలుసుల్ని పరీక్షిస్తే ఎరుపు అని తేలింది! నెల్సన్ ఓడ 'విక్టరీ'ని అందరూ పసుపు చారలతోనే ఎరుగుదురు. పాత రంగు పొరలు పరీక్షించి 2015లో మళ్లీ రంగు వేసేసరికి అది కాస్త గులాబీ కలిసిన పాలిపోయిన రంగయి కూచుంది. దశాబ్దాల తరబడి పసుపు మోడళ్లు చేసి అద్దాలపెట్టెల్లో పెట్టుకున్నవాళ్లు ఏమైపోవాలి!

బొంబాయిలో వాడియా కుటుంబంవాళ్లు టేకుతో కట్టిన 'ట్రింకోమలీ' కథ వింటే కాగితం విలువ తెలుస్తుంది. ఆ యుద్ధనౌక నక్షాల్ని ఇంగ్లండు నుంచి 'జావా' అనే ఓడలో పంపించారు. దారిలో అమెరికా నౌక 'కాన్‌స్టిట్యూషన్' ఆ జావాని 1812 డిసెంబరులో కొట్టి నాశనం చేసింది. నక్షాలు గోవిందా! మళ్లీ రాయించి మళ్లీ పంపారు. ఓడ 1817 అక్టోబరులో నీళ్లలోకి దిగింది. ఇవాళ్టికీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్‌లో తేలుతూనే వుంది. మన టేకు మహిమ!

నరసాపురం, కోరంగి మేస్త్రీలకి ఆ బాధ లేదు. వాళ్లకి నక్షా అంటూ లేదు గదా పోవడానికి. కొలత కంటిలో వుంటుంది. తాడు సాగదీసి, ఒక కన్ను మూసి చూసి, ఉలితో గీత పెడితే అదే ప్లాను. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వస్తుంది. మాటల్లో రాదు, కాగితం మీదికి అంతకంటే రాదు. చెయ్యి ఆగిందంటే విద్య ఆగినట్టే. సెంచూరియన్ తాడు మందం కూడా మనం చెప్పగలం గాని, తానీషా ఏనుగుల ఓడ వెడల్పు ఎంతో రాసిన కాగితం లేదు. పైగా దాన్ని కట్టింది మనవాళ్లు!

ఇక్కడే నాకు కడుపు మండుతుంది. పరాయి ఓడని తప్పుగా కడితే పుస్తకం చూపించి దిద్దేవాళ్లు వెయ్యిమంది వున్నారు. మన ఓడని తప్పుగా కడితే దిద్దే నాథుడు లేడు. రేపు ఎవరో ఒక పెద్ద సినిమాలో గోల్కొండ ఓడ అని ఒకటి చూపించారనుకోండి. దానికి హాలీవుడ్ సముద్రపు దొంగల ఓడ రూపం యిచ్చారనుకోండి. జనానికి యిక అదే గోల్కొండ ఓడ. స్కూలు పిల్లలు అదే బొమ్మ గీస్తారు, క్యాలెండర్ల మీద అదే ఎక్కుతుంది.

చిన్న ఓడ, పెద్ద నీళ్లు

మినియేచర్ అంటే మన పరిశ్రమకి కొత్త కాదు. 'మాయాబజార్'లో (1957) ద్వారకానగరం చూసి మురిసిపోయాం గదా. 50 అడుగులకి 60 అడుగుల జాగాలో 300 బొమ్మ ఇళ్లు కట్టి, వాటిలో బుల్లి దీపాలు పెట్టి తీసిందది. గోఖలే, కళాధర్‌గార్ల కళ, మార్కస్ బార్ట్లే కెమెరా. పౌరాణికం కాబట్టి "ద్వారకలో అరుగులు అలా వుండేవా?" అని ఎవరూ అడగరు. 'బాహుబలి' రెండో భాగంలో (2017) హంస ఓడ ఎగిరిపోయినా అంతే. అది కల. కలకి కొలబద్ద పెట్టకూడదు. తెరమీద "క్రీ.శ. 1680" అని అక్షరాలు వేశాకే అసలు పూచీ మొదలవుతుంది.

ఇళ్లు కుదించినంత సులువు కాదు ఓడని కుదించడం. ఎందుకంటే నీళ్లు కుదరవు! ఓడని ఎంత చిన్నది చేసినా నీటిబొట్టు మాత్రం అంతే సైజు. మూరెడు ఓడ పక్కన ఉసిరికాయంత నీటిబొట్టు ఎగిరిందంటే ప్రేక్షకుడు వెంటనే పట్టేస్తాడు, "తొట్టిలో తీశారురా" అని. అందుకని సినిమా మోడల్ ఓడలు పడవలంత పెద్దవిగా కడతారు. కెమెరా కూడా వేగంగా తిప్పుతారు. ఓడ పదహారో వంతు అయితే దాని వర్గమూలం నాలుగు. మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు తీసేది, నాలుగింతలు 96 తియ్యాలి. అప్పుడే తెరమీద అల బరువుగా లేస్తుంది, ఓడ నింపాదిగా ఊగుతుంది.

ఈ మధ్యకాలంలో ఈ పని శ్రద్ధగా చేసింది 'మాస్టర్ అండ్ కమాండర్' (2003) వాళ్లు. కథ నెపోలియన్ కాలంది. 'రోజ్' అనే పాతకాలపు ఓడ నకలుని కొని వేషం మార్చి అసలు సముద్రం మీద నడిపారు. 'టైటానిక్' కోసం మెక్సికోలో కట్టిన తొట్టిలో యింకో నిలువెత్తు ఓడ నిలబెట్టారు. న్యూజిలాండ్‌లో 'వేటా' వాళ్ల చేత రెండు ఓడలకీ మినియేచర్లు చేయించారు. శత్రువు ఓడకి నమూనా ఏమిటనుకున్నారు? ఇందాక మన ట్రింకోమలీ నక్షాలు ముంచిన ఆ 'కాన్‌స్టిట్యూషన్' నౌకే!

మరి ఏనుగుల ఓడ ఎలా కట్టాలి?

కాగితం లేనప్పుడు లెక్క వుంది. ఏనుగే మనకి కొలబద్ద.

నా లెక్క యిది. పెద్ద ఏనుగు నాలుగు టన్నులు అనుకుంటే 26 ఏనుగులు 104 టన్నులు. ఏనుగు రోజుకి నూటయాభై లీటర్ల నీళ్లు తాగుతుందనుకుందాం, దాదాపు అన్ని కిలోల మేతా తింటుంది. తెనసేరిం నుంచి మచిలీపట్నానికి గాలి అనుకూలించి ఇరవై రోజులు అనుకోండి. నీళ్లు 78 టన్నులు, మేత 78 టన్నులు. మొత్తం 260 టన్నులు. మావటీలు, సరంగులు, ఖలాసీలు, వాళ్ల బియ్యం, కట్టెలు వేరే. ఇక చోటు. ఏనుగుల్ని రెండు వరసల్లో, పక్కకి 13 చొప్పున, తలలు లోపలికి పెట్టి నిలబెడితే ఒక్కోదానికి ఆరడుగుల వెడల్పు కావాలి. అంటే 78 అడుగుల పొడవు. అటు పదడుగులు, యిటు పదడుగులు, మధ్య మావటి నడిచే నాలుగడుగులు... 24 అడుగుల వెడల్పు. ఇది లోపలి చోటు. ముందూ వెనకా వంపులు కలుపుకుంటే 110 నుంచి 120 అడుగుల ఓడ తేలింది. మోడల్‌లో 27 నుంచి 30 అంగుళాలు. ఏనుగులు అటూ యిటూ ఊగుతాయి కాబట్టి బరువు వీలైనంత అడుగున వుండాలి. అడుగు వెడల్పుగా, పొట్ట బలంగా వుండాలి. నాజూకు ఓడలు ఈ పనికి పనికిరావు. నీళ్ల కాగులకీ, గడ్డి మోపులకీ చోటు చూపించని మోడల్ కట్టినవాడికి ఏనుగుని మేపిన అనుభవం లేదన్నమాట!

ఈ రకంగా ఒక్కొక్కటీ తేల్చుకోవాలి. చక్రం వద్దు, పైన చెప్పాను గదా. అడుగున రాగిరేకు అసలే వద్దు. మనవాళ్లు అడుగుకి సున్నం, నూనె కలిపి దంచిన లేపనం పట్టించేవాళ్లు. కాబట్టి మోడల్ అడుగు తెల్లగా వుండాలి, అదీ కొత్త గోడలా నున్నగా కాక, చేత్తో మెత్తినట్టు వుండాలి. ఇంగ్లీషు మోడళ్లలో తెరచాప కొయ్యల్ని పట్టి వుంచే తాళ్లు తారు పూసి నల్లగా వుంటాయి. మన దేశపు ఓడలకి కొబ్బరిపీచు తాళ్లే వాడేవారు. గోధుమ రంగు దారం వెయ్యాలి, నల్లదారం కాదు. తెరచాపలు నూలు గుడ్డవి. వాటికి బ్లీచింగ్ తెలుపు రాకూడదు, ముతక పంచె రంగు రావాలి. బంగాళాఖాతంలో అరకాను దొంగల భయం, ఫిరంగి దొంగల భయం వుండేది కాబట్టి కొన్ని తోపులు వుండాల్సిందే. అయితే యుద్ధనౌకలా రెండు అంతస్తుల వరస పెడితే ఏనుగులు నిలబడేదెక్కడ? ఒడ్డునుంచి ఓడకి మనుషుల్ని, సరుకునీ చేర్చే మసూలా పడవ పక్కన ఒకటి కట్టి పెట్టుకుంటే ముచ్చటగా వుంటుంది. దానికి మేకు అనేదే లేదు, పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవాళ్లు. మోడల్‌లో కూడా సూదితో కుట్టాల్సిందే. రంగుతో చుక్కలు పెడతానంటే ఊరుకోం!

కర్ర ఏది? టేకు ఓడకి టేకే వాడాలని ఎవరికైనా తోస్తుంది. అదే పొరపాటు. టేకు ఈనె ముతక. అసలు ఓడలో కనబడని రంధ్రాలు, కుదించిన ఓడలో వేలెడు సందుల్లా కనబడతాయి. సన్నటి నార వుండే కర్ర కావాలి. విదేశాల వాళ్లు బేరికర్ర, బాక్సుకర్ర అంటూ పాకులాడతారు. మనకి భద్రాచలం అడవిలోనే బండారు వుంది. పచ్చగా, సన్నటి నారతో దువ్వెనలకి వాడే కర్ర. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర వుంది, దంతంలా నునుపు. బొంగు సంగతి చెప్పనక్కర్లేదు. పలకల్ని బిగించే కొయ్యసీల అసలు ఓడలో అంగుళంన్నర మందం. మోడల్‌లో అంగుళంలో ముప్పై రెండో వంతు! వెదురు పుల్లని చీల్చి, కంసాలి కమ్మచ్చు లాంటి బెజ్జాల పలకలోంచి ఒక్కో బెజ్జం తగ్గించుకుంటూ లాగితే అంత సన్నం అవుతుంది. ప్రపంచంలో పేరుపొందిన మోడలిస్టులంతా వెదురునే అలా లాగుతారు. ఇంకో మాట — పలక నిడివి. చెట్టు ఎంత పొడవు వుంటే పలక అంతే. ఓడ యీ చివరి నుంచి ఆ చివరికి ఒకే పలక సాగితే, అంత చెట్టు ఏ అడవిలోనూ లేదని చూసినవాడికి తెలిసిపోతుంది. ఇరవై, పాతికడుగులకి ఒక అతుకు రావాలి. ఆ అతుకులు పక్క పక్కన పడకుండా మెట్లుమెట్లుగా రావాలి.

కోరంగి సంగతి ఒక్క ముక్క. 19వ శతాబ్దం మొదట్లో ఎబనీజర్ రోబక్ అనే ఇంగ్లీషువాడు అక్కడ ఓడలు బాగుచేసే డాకు కట్టాడు. 1789లోనూ, 1839లోనూ వచ్చిన ఉప్పెనలు ఆ తీరాన్ని తుడిచిపెట్టాయి. 'సైక్లోన్' అనే మాట పుట్టించిన పిడింగ్టన్ దొర తన పుస్తకంలో కోరంగి ఉప్పెన గురించి చెప్పాడు. తరవాత గౌతమి మేట వేసి రేవుని మింగేసింది. ఓడల వెంట రంగూన్ వెళ్లిన మనవాళ్లని బర్మాలో 'కోరంగీలు' అన్నారు. పేరు అక్కడ మిగిలింది, రేవు ఇక్కడ పూడిపోయింది. ఆ చుట్టుపక్కల తాళ్లరేవు వైపు మాత్రం కొయ్య ఓడల పని ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగుతూ వచ్చింది. కళాదర్శకులెవరైనా రేపు ఓడ సెట్టు వేస్తే, ఇంటర్నెట్‌లో బొమ్మలు వెతికే ముందు, ఉలి పట్టిన ఆ కుటుంబాల పెద్దవాళ్ల దగ్గర కూచుని పక్కటెముక వంపు ఎలా తీస్తారో ఒక పూట అడిగి చూస్తే ఎంత బాగుండును! నక్షా లేని ఓడకి మిగిలిన సాక్షులు వాళ్లే.

ఇక ఏనుగులు. వాటికి బండారు వద్దు, అంకుడు వద్దు. కొండపల్లివాళ్లు వాడే తెల్లపొనికి చాలు. అంబారీ ఏనుగు చెక్కిన చేతులకి ఇదొక లెక్కా! తొమ్మిదడుగుల ఏనుగు మోడల్‌లో రెండుంపావు అంగుళం. ముందు పద్నాలుగు చేయించి ఓడలో దింపి చూడండి. తరవాత ఒక్కొక్కటే పెంచుకుంటూ పొండి. ఇరవై ఆరోది కూడా తొండం ముడిచి సర్దుకుని నిలబడిందంటే, తానీషా ఓడ కొలత దొరికినట్టే.